సీన్ మోడ్‌ను నమ్మవచ్చు, ప్లేబ్యాక్ చూశాకే

అండమాన్ చూసి వచ్చినవాళ్ల కెమెరాల్లో మూడు రకాల ఫొటోలు దాదాపు తప్పకుండా ఉంటాయి. ముగ్గుపిండిలా మెరవాల్సిన రాధానగర్ బీచ్ ఇసుక ఆ ఫొటోల్లో తడి సిమెంటులా ఉంటుంది. కళ్లారా చూసిన ఎర్రటి సూర్యాస్తమయం వెలిసిపోయిన పసుపుగా మారుతుంది. ఇక అద్దపు అడుగున్న పడవలోంచి తీసిన పగడపు దిబ్బలైతే ఏది రాయో, ఏది పగడమో తెలియకుండా ఆకుపచ్చ నీలంలో మునిగిపోతాయి. నింద మాత్రం కెమెరా మీద పడుతుంది, “చవకది కదా, ఇంతే వస్తుంది” అని. చాలాసార్లు లోపం ధరలో ఉండదు. కెమెరా పైనున్న డయల్‌ను తిప్పకపోవడం ఒక కారణం, ఫొటో తీశాక ప్లేబ్యాక్ బటన్ నొక్కి ముఖాలు మాత్రమే చూసి ఊరుకోవడం ఇంకో కారణం.

బీచ్, సన్‌సెట్, అండర్‌వాటర్, నైట్, ఫైర్‌వర్క్స్ వంటి సీన్ మోడ్‌లంటే ఫొటోగ్రఫీ తెలిసినవాళ్లకు కాస్త చిన్నచూపు. మాన్యువల్‌లో తీస్తేనే ఫొటో అని వాదించేవాళ్లు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు. ఈ చిన్నచూపులో శాస్త్రం లేదు. ఒక్కో సీన్ మోడ్ వెనుక కాంతి గురించి ఒక ఊహ ఉంది. షట్టర్ వేగం, ఎక్స్‌పోజర్, రంగుల సర్దుబాటు అన్నీ ఆ ఊహను బట్టి ముందే అమర్చి ఉంటాయి. ఊహ మీ ముందున్న దృశ్యానికి సరిపోతే ఫొటో బాగా వస్తుంది, సరిపోకపోతే చెడిపోతుంది. సరిపోయిందో లేదో చెప్పేది ప్లేబ్యాక్. ఆ రెండింటినీ విడదీసి వాడటం వల్లే గొడవంతా.

ముందు ఇసుక సంగతి. కెమెరాలోని లైట్ మీటర్‌కు తన ముందున్నది తెల్ల ఇసుకో, నల్లరాయో తెలియదు. వస్తువు నుంచి వచ్చే కాంతిని కొలిచి, ఆ దృశ్యం సగటున మధ్యస్థ బూడిద రంగులో, అంటే తనపై పడిన కాంతిలో సుమారు 18 శాతాన్ని తిప్పి పంపే రంగులో ఉంటుందని అనుకుంటుంది. పొలాలు, వీధులు, మనుషుల గుంపులు ఉన్నచోట ఈ అంచనా బాగానే పనిచేస్తుంది. స్వరాజ్ ద్వీప్ అనే హేవ్‌లాక్‌లో, మధ్యాహ్నం ఎండలో మెరిసే ఇసుక ముందు మాత్రం తలకిందులవుతుంది. ఇంత వెలుగు ఎక్కువేమోనని కెమెరా కాంతిని తగ్గించేస్తుంది, తెల్లటిది బూడిదవుతుంది, ముందు నిలబడ్డ మనిషి ముఖం మరింత నల్లబడుతుంది. బీచ్ మోడ్ చేసేదల్లా “ఇక్కడ తెలుపు ఎక్కువ, భయపడి తగ్గించకు” అని కెమెరాకు చెప్పి ఎక్స్‌పోజర్‌ను కొంత పెంచడమే. చాలా కెమెరాల్లో మంచు దృశ్యాలకూ ఇదే మోడ్ పనికొస్తుంది. కెమెరా లెక్కలో కశ్మీర్ మంచుకూ అండమాన్ ఇసుకకూ పెద్ద తేడా లేదు మరి.

పెంచడం ఎక్కువైతే? అక్కడే ప్లేబ్యాక్ కావాలి. అయితే వెనుక తెరమీద ఫొటో బాగుందా లేదా అని కంటితో చూసి తేల్చడం సముద్రతీరంలో కుదరదు. నడినెత్తిన ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఆ వెలుగులో ఏ తెర అయినా చీకటిగానే కనిపిస్తుంది. అది చూసి ఫొటో నల్లగా వచ్చిందనుకుని ఎక్స్‌పోజర్ ఇంకా పెంచుతారు. అదే తెర రాత్రి ఓడ డెక్ మీద చూస్తే కళ్లు జిగేల్మంటాయి, అప్పుడు తగ్గిస్తారు. రెండుసార్లూ మోసం చేసింది తెరే. అందుకే ప్లేబ్యాక్‌లో సమాచారం చూపే బటన్‌ను మరోసారి నొక్కితే వచ్చే హిస్టోగ్రామ్‌ను చూడటం నేర్చుకోవాలి. అది చిన్న కొండలాంటి గ్రాఫ్. ఎడమ అంచు పూర్తి నలుపు, కుడి అంచు పూర్తి తెలుపు. మామూలు జేపీఈజీ ఫొటోలో ఒక్కో రంగుకు 0 నుంచి 255 వరకు 256 మెట్లుంటాయి. కొండ కుడి గోడకు గుద్దుకుని నిలబడిందంటే ఇసుకలోని గింజలు, అలల నురుగులోని గీతలు అన్నీ 255 అయిపోయాయని అర్థం. ఆ వివరాన్ని ఇంటికెళ్లాక ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు, ఎందుకంటే అది నమోదే కాలేదు. కొన్ని కెమెరాలు అలా తెల్లబోయిన చోట్లను ప్లేబ్యాక్‌లో మిణుకుమిణుకుమనిపిస్తాయి కూడా. ఇది చూడటానికి పట్టే సమయం రెండు సెకన్లు. మళ్లీ తీసే అవకాశం ఆ బీచ్‌లో నిలబడి ఉన్నంతసేపే.

సూర్యాస్తమయానికి ఇంకో చిక్కుంది. కెమెరాలోని ఆటో వైట్ బ్యాలెన్స్ పని, దీపపు వెలుగులోని పసుపుదనాన్ని తీసేసి తెలుపును తెలుపుగా చూపడం. సూర్యాస్తమయంలోని ఎరుపును కూడా అది అలాంటి లోపమే అనుకుని కడిగేస్తుంది. సన్‌సెట్ మోడ్ ఆ కడుగుడును ఆపుతుంది, చాలాసార్లు ఎరుపును కాస్త పెంచుతుంది కూడా. అయితే మోడ్ మార్చేంత తీరిక ఇక్కడ దొరకదు. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం. పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీవిజయపురం, ఉన్నది దాదాపు 92.7 డిగ్రీల దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన అక్కడి సూర్యుడు గడియారం కంటే 40 నిమిషాలు ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే పొద్దుగూకుతుంది. హైదరాబాద్ అలవాటుతో 5:30కి బీచ్‌కు వెళ్లినవాళ్లకు మిగిలేది నైట్ మోడ్.

అసలు చెప్పుకోవాల్సింది నీటి అడుగు ఫొటోల గురించి.

నీరు రంగుల్ని సమానంగా వదలదు. స్వచ్ఛమైన నీటిలో 650 నానోమీటర్ల ఎర్రకాంతి 2 మీటర్లు ప్రయాణించేసరికి సగమవుతుంది, 5 మీటర్లకు ఐదో వంతు కూడా మిగలదు. నీలికాంతికి అదే దూరంలో పెద్దగా నష్టం ఉండదు. ఈ దూరం లోతు ఒక్కటే కాదు. నీటిపై నుంచి పగడం దాకా, మళ్లీ పగడం నుంచి కెమెరా దాకా కాంతి నడిచిన మొత్తం దారి. అండర్‌వాటర్ మోడ్ వచ్చిన కొద్దిపాటి ఎరుపును కొన్ని రెట్లు పెంచి రంగుల్ని మళ్లీ నిలబెడుతుంది. రాని ఎరుపును మాత్రం సృష్టించలేదు. ఉన్నది తక్కువైనప్పుడు పెంచితే దానితోపాటు సెన్సర్ గరుకుదనమూ పెరుగుతుంది. రంగులను విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ మీ కెమెరాలో ఉంటే ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఎర్ర గ్రాఫ్ ఎడమ గోడకు అతుక్కుపోయి ఉంటే, ఆ ఫొటోలో కనిపించే ఎరుపులో ఎక్కువ భాగం కెమెరా అంచనాయే.

సరదా ఫొటోకైతే దీనివల్ల నష్టమేమీ లేదు. అండమాన్ పగడాల విషయంలో ఉంది. పగడపు జీవుల కణాల్లో సూక్ష్మ శైవలాలు ఉంటాయి. పగడానికి గోధుమ, ఆకుపచ్చ ఛాయలిచ్చేవీ, దాని ఆహారంలో ఎక్కువ భాగం తయారుచేసేవీ అవే. సముద్రపు నీరు మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ శైవలాలను పోగొట్టుకుంటుంది. పారదర్శకమైన కండ కింద తెల్లటి సున్నపు అస్థిపంజరం కనిపిస్తుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. 2010 వేసవిలో అండమాన్ దిబ్బలు ఇలా పెద్దఎత్తున తెల్లబారాయి, 2016లోనూ దెబ్బతిన్నాయి. వండూరులో 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కుకు వచ్చే ప్రతి పడవలోనూ కెమెరాలుంటాయి. శాస్త్రవేత్తలు ఏటా కొన్ని రోజులే నీటిలో దిగగలరు, పర్యాటకులు సీజనంతా వస్తూనే ఉంటారు. ఆ ఫొటోలు పగడాల ఆరోగ్యానికి సాక్ష్యంగా పనికొస్తే ఎంత బాగుండును!

ఇప్పుడున్న తీరులో మాత్రం పనికిరావు. ఎక్స్‌పోజర్ పెరిగిన ఫొటోలో బతికున్న లేతరంగు పగడం తెల్లబారినట్టు కనిపిస్తుంది. అండర్‌వాటర్ మోడ్ ఎరుపు జోడించిన ఫొటోలో తెల్లబారిన పగడం ఆరోగ్యంగా, గోధుమ గులాబీ రంగులో మెరుస్తుంది. రెండు అబద్ధాలూ నమ్మదగ్గట్టే ఉంటాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం నడిపే కోరల్‌వాచ్ కార్యక్రమం ఈ చిక్కును తేలిక మార్గంలో దాటింది. వివిధ ఛాయలు ముద్రించిన, తడిసినా పాడవని ఒక చార్టును పగడం పక్కన పట్టుకుని, ఏ ఛాయతో సరిపోలుతుందో రాసుకోమంటుంది. పగడం మీద పడే నీలి వెలుగే చార్టు మీదా పడుతుంది కాబట్టి పోలిక చెడదు. కెమెరాకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. రంగు తెలిసిన ఒక పలక ఫ్రేములో ఉంటే, ఏ మోడ్‌లో తీసినా తర్వాత సరిచేసుకోవచ్చు.

ఈ విషయంలో పాత కెమెరా డయల్ నేటి ఫోను కంటే నిజాయితీ గలదనే చెప్పాలి. డయల్ మీద చేపబొమ్మ దగ్గరికి తిప్పినవాళ్లకు తాము ఏదో మారుస్తున్నామని కనీసం తెలుసు. ఫోను దృశ్యాన్ని తనే గుర్తుపట్టి, ఆకాశాన్ని తనే నీలం చేసి, ఎవరినీ అడగకుండా ఫొటోను ఇస్తుంది. ఫలితం ఎంత అందంగా ఉన్నా, ఏం మారిందో తెలియనప్పుడు అది పోలికకు పనికిరాదు.

రాత్రి ఫొటోల విషయం త్వరగా తేల్చవచ్చు. సెల్యులార్ జైలు ఆవరణలో సౌండ్ అండ్ లైట్ షో సాగుతుంటే ప్రేక్షకుల ఫ్లాష్‌లు మెరుస్తూనే ఉంటాయి. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతవుతుంది. చిన్న కెమెరా ఫ్లాష్ కొన్ని మీటర్లు దాటదు. వెలిగేది ముందు వరుసలోనివాళ్ల తలల వెనుక భాగమే. ఫ్లాష్ ఆపి, నైట్ మోడ్ పెట్టి, కెమెరాను కదలని చోట ఆనించి, తీశాక ప్లేబ్యాక్‌లో జూమ్ చేసి కిటికీ ఊచలు గీతల్లా ఉన్నాయా, అలికినట్టున్నాయా చూసుకుంటే చాలు. జూమ్ చేయకపోతే చిన్న తెరమీద ప్రతి ఫొటో స్పష్టంగానే ఉంటుంది.

ప్లేబ్యాక్ చూపే మరో వివరం తేదీ, సమయం. దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. 2004 డిసెంబరు 26 భూకంపంలో గ్రేట్ నికోబార్ కొసనున్న ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా కుంగింది, ఉత్తర అండమాన్ పడమటి తీరంలో పగడాలు నీటిపైకి లేచాయి. ఇలాంటి చోట ఒడ్డు ఫొటో ఏదైనా రేపటికి కొలమానం కావచ్చు. కానీ పున్నమికీ అమావాస్యకూ ఇక్కడ నీటిమట్టం కొన్ని గంటల్లోనే మీటరుకు పైగా మారుతుంది. కెమెరా గడియారం తప్పుంటే, ఫొటోలోని నీటి అంచు పోటుదో ఆటుదో ఎవరూ చెప్పలేరు. బ్యాటరీ మార్చినప్పుడల్లా గడియారం చూసుకోవడం, ఏ మోడ్ ఎంచుకోవాలన్న చర్చ కంటే ముందు జరగాల్సిన పని.

డిలీట్ బటన్ గురించి కూడా ఒక మాట. డిలీట్ చేసిన ఫొటో వెంటనే కార్డులోంచి పోదు. ఫైళ్ల పట్టికలో ఆ చోటు ఖాళీ అని రాసి ఉంటుందంతే. పొరపాటున చెరిపేస్తే ఆ కార్డుతో ఇంకేమీ తీయకుండా ఉంచితే చాలాసార్లు తిరిగి రాబట్టవచ్చు. దీనికి రెండో వైపూ ఉంది. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద జరావాలను ఫొటో తీయడం, 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల కింద నేరం. తీసి చెరిపేశాం కదా అనేది చట్టం ముందే కాదు, మెమరీ కార్డు ముందూ నిలవదు.

వండూరు జెట్టీలో పడవ ఎక్కేముందు ప్లాస్టిక్ సామాన్ల తనిఖీ జరుగుతుంది, జరగాల్సిందే. ఆ వరుసలోనే ప్రతి పడవకూ ఒక బూడిద, తెలుపు, ఎరుపు రంగుల పలకను ఇచ్చి, తిరిగొచ్చాక వాపసు తీసుకునే ఏర్పాటు అటవీశాఖ చేయవచ్చు. పడవవాళ్లు దాన్ని ఒక్కసారి పగడం పక్కన నీటిలోకి దించితే, ఆ రోజు ఆ పడవలో తీసిన ఫొటోలన్నిటికీ రంగుల కొలబద్ద దొరికినట్టే. అద్దపు పడవలో ఉన్నవాళ్లు చేయాల్సింది ఫ్లాష్ ఆపి, లెన్స్‌ను అద్దానికి వీలైనంత దగ్గరగా పెట్టి, పలక కనిపించేలా ఒక ఫొటో తీసుకోవడం, పడవ కదిలేలోపు ప్లేబ్యాక్‌లో హిస్టోగ్రామ్ చూసుకోవడం.