కరెంటొచ్చింది సరే... నీళ్లున్నాయా?

వేళాపాళా లేని కరెంటు రోజులు నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలకు బాగా గుర్తు. ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు 2004లో మొదలైంది. అయితే ఇచ్చేది రోజుకు ఏడు గంటలు, అదీ విడతలు విడతలుగా. అర్ధరాత్రి విడత వచ్చిందంటే రైతు టార్చిలైటు పట్టుకొని బావికాడికి నడవాల్సిందే. గట్ల మీద పాములు, తడి నేలలో స్టార్టరు డబ్బా. అలా వెళ్లి ఇంటికి తిరిగిరాని వాళ్లూ ఉన్నారు.

ఆ కష్టానికి రైతు వెతుక్కున్న మందే ఆటో స్టార్టరు. కరెంటు రాగానే మోటరు తనంతట తానే నడుస్తుంది. రైతు ఇంట్లో కంటినిండా నిద్రపోవచ్చు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అప్పుడు మాత్రం ఆటో స్టార్టర్లను తీసేయండని ప్రభుత్వమే రైతుల్ని కోరింది. నిన్నటిదాకా ఆదుకున్న డబ్బా ఒక్కసారిగా ఎందుకు చెడ్డదైంది? జవాబు తెలియాలంటే ఆ డబ్బాలోకి తొంగిచూడాలి.

కుంచాల లెక్క, కాలింగ్ బెల్లు

పాతరకం ఆటో స్టార్టర్లలో రిలేలే ఉండేవి. తర్వాత వచ్చిన వాటిలో మైక్రోకంట్రోలర్ అనే బుల్లి చిప్పు చేరింది. వాషింగ్ మెషీన్‌లోనూ, ఇంటి ముందు డిజిటల్ కరెంటు మీటర్లోనూ పనిచేసేది ఇలాంటిదే. దానికి ముఖ్యంగా రెండు విద్యలు వచ్చు. ఒకటి, కాలాన్ని కొలవడం. రెండోది, బయట ఏదైనా జరిగితే వెంటనే పసిగట్టడం.

కాలాన్ని ఎలా కొలుస్తుంది? కాలేజీ పాఠాల్లో తరచూ కనిపించే 8051 రకం చిప్పునే చూద్దాం. 12 మెగాహెర్ట్జ్ స్ఫటికంతో నడిపితే దాని టైమరు సెకనుకు పది లక్షల దాకా లెక్కపెడుతుంది. అయితే ఆ లెక్క 65,536 దగ్గర నిండిపోయి మళ్లీ సున్నాకు వస్తుంది. అంటే సెకనులో పదిహేనో వంతుకే కుంచం నిండినట్టు. మరి నిమిషం ఆగమంటే? నిండిన కుంచాల్ని లెక్కపెట్టుకుంటూ పోవడమే. దాదాపు 916 కుంచాలైతే ఒక నిమిషం.

ఇక పసిగట్టడం. గుమ్మంలోకి ఎవరైనా వచ్చారేమోనని నిమిషానికోసారి తలుపు తీసి చూడటం ఒక పద్ధతి. కాలింగ్ బెల్లు పెట్టుకొని నిశ్చింతగా వంట చేసుకోవడం ఇంకో పద్ధతి. బెల్లు మోగితే చేతిలో పని ఆపి, తలుపు తీసి, మళ్లీ పొయ్యి దగ్గరికి వస్తాం. చిప్పు కూడా అంతే. సెన్సరు బెల్లు కొట్టగానే చేస్తున్న పని ఆపి అటు చూస్తుంది. దీన్నే ఇంజినీర్లు ఇంటరప్ట్ అంటారు.

ఆగడం కూడా పనే

స్టార్టరుకు బెల్లు కొట్టేది కరెంటు. కానీ మోగగానే మోటరు వేసేయకూడదు. కరెంటు వచ్చేటప్పుడు ఒక్కోసారి వచ్చి, పోయి, మళ్లీ వస్తుంది. మూడు ఫేజుల్లో ఒకటి రాకపోతే మోటరు కాలుతుంది. పైగా మోటరు మొదలయ్యే క్షణంలో మామూలుగా నడిచేటప్పటికంటే అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఒకేసారి లేస్తే ఫ్యూజులు ఎగురుతాయి, ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు. అది బాగై వచ్చేలోపు మడి ఎండుతుంది.

అందుకే టైమరు. మూడు ఫేజులూ ఉన్నాయా, కరెంటు నిలకడగా ఉందా అని చిప్పు కాసేపు చూస్తుంది. ఒక రైతు నిమిషం, పక్క రైతు రెండు నిమిషాలు పెట్టుకుంటే మోటర్లు వంతులవారీగా లేస్తాయి.

అడగని ప్రశ్న

ఇంత జాగ్రత్త ఉన్నా మామూలు ఆటో స్టార్టరు అడిగేది ఒక్కటే: కరెంటొచ్చిందా? నీళ్లున్నాయా అని అడగదు. మడి తడిసిందా అనీ అడగదు. ఏడు గంటల రోజుల్లో ఈ లోపం కనబడలేదు. ఎందుకంటే మోటరును ఆపే పని కరెంటు కోతే చేసింది! 2017 జులైలో ఉమ్మడి నల్లగొండ, మెదక్, కరీంనగర్ జిల్లాల్లో 24 గంటల సరఫరాను ముందుగా పరీక్షించారు. కోత పోయిందంటే ఆపేవాళ్లూ పోయినట్టే. ఆటో మీద వదిలేసిన మోటరు రాత్రీ పగలూ తోడుతూనే ఉంటుంది.

ఇది గట్టి రాతి నేల. నీళ్లుండేది పైన పొడిబారిన రాతి పొరలో, కింద బండల పగుళ్లలో. తోడినంత వేగంగా ఊరవు. ఒకరి మోటరు ఆగకపోతే పక్కవారి బోరు దిగిపోతుంది. వాళ్లు ఇంకా లోతుకు వేయిస్తారు, దాంతోపాటు అప్పూ లోతుకు పోతుంది. జనం కంటే బోర్లే ఎక్కువున్న ఊరిగా నల్లగొండ జిల్లా ముసంపల్లి పత్రికలకెక్కింది అందుకే.

మిగతా రెండు ప్రశ్నలూ చిప్పుకు నేర్పడం కష్టమేం కాదు. నీళ్లు అందకపోతే మోటరు మీద బరువు తగ్గి, అది లాగే కరెంటు పడిపోతుంది. ఆ తేడాను తీగ చుట్టూ ఉండే చిన్న సెన్సరు చెప్పేస్తుంది. చిప్పు వెంటనే మోటరు ఆపి, అరగంటో గంటో లెక్కపెట్టి, బోరులో నీళ్లు ఊరాక మళ్లీ వేస్తుంది. నీటిలోనే చల్లబడే సబ్‌మెర్సిబుల్ మోటరు కాలకుండా మిగులుతుంది. మట్టిలో తేమ సెన్సరు పెడితే మడి తడవగానే బెల్లు మోగుతుంది. అదీ వద్దనుకుంటే రెండు గంటలు నడిచి ఆగిపొమ్మని చెబితే చాలు. దానికి సెన్సరు కూడా అక్కర్లేదు, ఉన్న టైమరే ఎక్కువ.

ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ పిల్లలు టైమరు పాఠం మొదలుపెట్టేది ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పడంతోనే. ఆ ఎల్‌ఈడీ స్థానంలో అయిదు హార్స్‌పవర్ మోటరును ఊహించుకుంటే పాఠం వేరేలా కనిపిస్తుంది. వెలిగించడానికి ఒక కారణం చాలు. ఎప్పుడు ఆర్పాలో తెలియాలంటే మాత్రం ఊరి నేల తెలియాలి, బోరు తెలియాలి, పక్క రైతు బాధ తెలియాలి. చిప్పు చెప్పినమాట జవదాటదు. ఏం చెప్పాలన్నదే మనిషి చేతిలో ఉంది.