పాజిటివ్ అంటే మంచిదేగా?

“అన్నయ్యగారూ, పాజిటివ్ అంటే మంచిదేగా?” అంటూ పక్కింటావిడ ఆదివారం పొద్దున్నే తన ఫోను నా చేతిలో పెట్టింది. కొడుక్కి ఇరవయ్యారేళ్లు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా, అంటే ఒక రకం బ్లడ్ క్యాన్సర్. రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. ఎన్‌పీఎం1 పాజిటివ్, దాని కిందే ఎఫ్‌ఎల్‌టీ3-ఐటీడీ పాజిటివ్. రెండూ జన్యువుల్లో మార్పులే; మొదటి పాజిటివ్ మంచిదే, రెండోదే చెడ్డది. ఆ ముక్క చెప్పాల్సింది నేనా, ఎముక మజ్జ తీసినవాళ్లా? నాలుగు పేజీల్లో తెలుగక్షరం ఒక్కటి లేదు. బిల్లు మాత్రం ఎవరూ విప్పి చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది.

మనకు బ్లడ్ క్యాన్సరంటే ఒకటే జబ్బు. సినిమావాళ్లు నేర్పారు. హీరోయిన్ దగ్గుతుంది, రుమాలు ఎర్రబడుతుంది, డాక్టరు కళ్లజోడు తీస్తాడు, ఇంటర్వెల్. ఆ రుమాలంటే నాకు నలభై ఏళ్లుగా ఒళ్లుమంట. నిజానికది టీబీవాళ్ల రుమాలు, క్యాన్సర్‌కి అద్దెకిచ్చారు.

జర్మనీలో డాన్యూబ్ ఒడ్డున ఉల్మ్ అని ఓ ఊరుంది. ఐన్‌స్టీన్ పుట్టిందక్కడే. ఆ ఊరి విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ష్లెంక్, హార్ట్‌ముట్ డ్యోనర్ బృందం 2008లో ఈ ‘ఒకటే జబ్బు’ని విప్పి చూపించింది. క్రోమోజోములు మామూలుగానే కనిపించే 872 మంది రోగులు, అందరూ అరవైలోపువాళ్లే. సగానికి పైగా జనంలో ఎన్‌పీఎం1 మార్పు కనబడింది. అది ఉండి, ఎఫ్‌ఎల్‌టీ3-ఐటీడీ లేనివాళ్లకు జబ్బు అణగగానే తోబుట్టువు మజ్జ ఎక్కించినా అదనంగా ఒరిగిందేమీ లేదు. ఎఫ్‌ఎల్‌టీ3-ఐటీడీ ఉన్నవాళ్లకేమో మేలు చేసింది. అంటే ఎవరికి ఆ మజ్జమార్పిడి నరకం తప్పించొచ్చో రెండు జన్యువులు చెబుతాయన్నమాట. ఎఫ్‌ఎల్‌టీ3 మార్పుకు 2017లో మైడోస్టారిన్ మాత్ర వచ్చింది. 717 మందిపై పరీక్షిస్తే, నాలుగేళ్ల తర్వాత బతికున్నవాళ్లు నూటికి 44 నుంచి 51కి పెరిగారు. ఏడుగురేగా అనకండి. ఆ ఏడుగురికీ అమ్మలుంటారు.

మందు సంగతలా ఉంచి, మజ్జ ఇచ్చేవాళ్లేరీ? 1991లో ట్యూబింగెన్‌లో పీటర్ హార్ఫ్, లుకేమియా వచ్చిన భార్య కోసం డీకేఎంఎస్ అనే దాతల నమోదు సంస్థ పెట్టేనాటికి జర్మనీ అంతా కలిపి దాతలు మూడు వేలు. ఏడాదిలో 68 వేలయ్యారు. జర్మనీ జాతీయ దాతల పట్టిక ఇప్పుడు ఆ ఉల్మ్‌లోనే ఉంది. 140 కోట్ల మనకు దాతలు ఇంకా లక్షల్లోనే. తరతరాలుగా మనలో మనమే పెళ్లిళ్లు చేసుకున్నాం కాబట్టి, జతకుదిరే దాత దొరికినా మనవాళ్లలోనే దొరకాలి. జర్మన్లు ఎంతమంది పేరిచ్చినా మనకు ఒరిగేది తక్కువే. దాతగా పేరివ్వడానికి చెంప లోపల దూదిపుల్ల తిప్పితే చాలు, దానికీ మనకి తీరిక లేదు. నాయకుడి పుట్టినరోజు రక్తదాన శిబిరంలో ఫొటోకి మాత్రం తోపులాట.

ఇంతకీ పక్కింటబ్బాయి? రెండు మార్పులూ ఉన్నవాళ్లను 2022 నాటి యూరప్ మార్గదర్శకాలు మధ్య వరుసలో పెట్టాయి. ఆ పత్రంలోనూ మొదటి పేరు డ్యోనర్‌దే. సోమవారం డాక్టర్ని అడగమని రెండు ప్రశ్నలు చెప్పాను: ఎఫ్‌ఎల్‌టీ3 మాత్ర ఇస్తారా, అక్క మజ్జ సరిపోతుందా. ఆవిడ పాలచీటీ వెనక్కి తిప్పి రాసుకుంటోంది.

“ఎఫ్ తర్వాత ఎల్లా, ఎమ్మా అన్నయ్యగారూ?”