పట్టుపురుగుకు అక్కరలేనిది

ఈ నెల పురుగుల ముచ్చట. నవ్వకండి. జొన్నపిండి డబ్బాలో తిరిగే చిన్న ఎర్ర పురుగు, చీరెకు దారమిచ్చే పట్టుపురుగు, తేనెటీగ – ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. మనిషికి లేకపోతే గుండె దెబ్బతినే ఒక పదార్థం వీటికి అక్కర లేదు. దాని పేరు సెలీనియం. మా మనవరాలు బీఎస్సీ చదువుతోంది. పుస్తకాల్లో ఉన్నది అది చదివి చెప్పింది, నేను మన బ్లీచింగ్ ఖాతా భాషలోకి మార్చుకున్నాను.

సెలీనియం మట్టిలో ఉండే మూలకం. 1817లో స్వీడన్ దేశంలో బెర్జీలియస్ అనే ఆయన కనిపెట్టి, గ్రీకు భాషలోని చంద్రుని పేరు పెట్టాడు. గుణంలో గంధకానికి తమ్ముడి వంటిది. మట్టిలోనుంచి మొక్కకు, మొక్కనుంచి తినేవాళ్ళకు వస్తది. మట్టిలో లేకపోతే పంటలో ఉండదు, పంటలో లేకపోతే మనకు రాదు.

ఇగ అది చేసే పని. బ్లీచింగ్ ఖాతాలో చేసినవాళ్ళకు పెరాక్సైడ్ సంగతి చెప్పేదేముంది. కోరా బట్టను పాలలెక్క తెల్లగ చేస్తది, చుక్క చేతిమీద పడితే తోలు తెల్లబడి చురచుర మండుతది. అదే పెరాక్సైడ్ మన ఒంట్లో కూడా పుడుతుంది. తిన్న రొట్టె శక్తిగా మారేటప్పుడు కొద్దికొద్దిగా, ఊపిరి ఉన్నంత కాలం పుడుతనే ఉంటది. బట్ట తెల్లబడ్డంక మిగిలిన పెరాక్సైడ్‌ను చంపకుండా రంగు ఖాతాకు పంపితే ఏమైతదో మీకు తెలుసు, రంగు సరిగ్గా పట్టదు, తాను తాను తిరిగొస్తది. ఒంట్లో ఆ చంపే పని కొన్ని ప్రొటీన్లది. పెరాక్సైడ్‌ను విరిచి నీళ్ళుగా మారుస్తాయి. మనిషిలో వాటిలో ముఖ్యమైన కొన్నిటికి నడుమ సెలీనియం ఉంటేనే పని నడుస్తది. ఆ పనికీ వేరే పనులకూ కలిపి మనిషి ఒంట్లో సెలీనియం ప్రొటీన్లు 25 రకాలు.

చైనాలో కెషాన్ అనే జిల్లా ఉంది. అక్కడి మట్టిలో సెలీనియం చాలా తక్కువ. 1935లో అక్కడ గుండె బలహీనమై మనుషులు చనిపోయే జబ్బు బయటపడింది. ఎక్కువగా పిల్లలు, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళు. ఎన్నో ఏండ్ల తర్వాత, 1970లలో, సెలీనియం ఉప్పు గోళీలు ఇస్తే జబ్బు బాగా తగ్గింది. మనిషికి అది అంత అవసరం.

మరి పురుగు? మాగిన అరటిపండు మీద మూగే చిన్న ఈగ ఉంది చూడండి, దాంట్లో సెలీనియం ప్రొటీన్లు మూడే. ఆ మూడింటిని తయారుచేసే ఏర్పాటును ప్రయోగశాలలో చెడగొట్టి చూశారు. ఈగలు మామూలుగానే బతికాయి! 2008లో బార్సిలోనాలోని పరిశోధకులు పట్టుపురుగు, తేనెటీగ, పిండిపురుగు జన్యువులన్నీ వెతికితే ఒక్క సెలీనియం ప్రొటీన్ కూడా దొరకలేదు. అవి ఎప్పుడో వదిలేశాయి. అదీ అందరూ కలిసి ఒకేసారి కాదు, ఎవరి వంశంలో వాళ్ళు వేరువేరుగా వదిలారు.

అయితే వాటి ఒంట్లో పెరాక్సైడ్ పుట్టదా అంటే, పుడుతుంది. దాన్ని చంపే ప్రొటీన్లు వాటికీ ఉన్నాయి. సెలీనియం ఉండే చోట గంధకం పెట్టుకుని నడిపిస్తాయి, అంతే. గంధకం ఏ ఆకులోనైనా దొరుకుతుంది. దొరకని సామాను మీద ఆధారపడకుండా సాంచనే మార్చుకున్నాయన్న మాట. మన మిల్లులో పాత మిస్త్రీలు ఇట్లాంటి పని చేస్తే మేనేజరు తిట్టేటోడు, తర్వాత అదే ఖాయం చేసేటోడు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, నాకు ఎక్కువ నచ్చింది ఇదే. సెలీనియం, గంధకం అన్నదమ్ములు కాబట్టి ఒంటికి ఒక్కోసారి తేడా తెలియదు. ఆకులో సెలీనియం మితి మీరితే, గంధకం ఉండాల్సిన చోట అది వచ్చి కూర్చుంటుంది. 60 నంబరు నూలు పోవాల్సిన చోట 40 నంబరు కండె పడ్డట్టు. సాంచ ఆగదు, నేస్తనే ఉంటది, తాను మాత్రం పాడు. ప్రొటీన్లు అట్లనే చెడిపోయి పురుగు చస్తుంది. మొక్కలకు ఇది కలిసొచ్చింది. మనం పోపులో వేసే ఆవాల మొక్కనే సెలీనియం ఇచ్చి పెంచితే గొంగళిపురుగులు దాన్ని తప్పించుకుని పక్క మొక్కకు పోయాయి, తిన్నవి చచ్చాయి. పేనుబంక కూడా రాలేదు. నత్తలు మాత్రం ఆ ఆకునే ఇష్టంగా తిన్నాయట, వాటి రుచి వాటిది.

అమెరికా పడమటి ఎండు నేలల్లో స్టాన్లియా అనే పసుపు పూల మొక్క ఉంది. మట్టిలోని సెలీనియంను పీల్చి ఆకుల్లో నింపుకుంటుంది. దాన్ని తిని బతికే పురుగు ఉండదు అనుకుంటాం. ఉంది. మన మండీకి వచ్చే గోబీలో బొక్కలు పెట్టే చిన్న పచ్చ పురుగు, దాని జాతే. మామూలు పురుగు ఒంట్లో ఆ సెలీనియం గంధకం వేషం వేసుకుని ప్రొటీన్లలో చేరుతుంది. ఈ రకం పురుగు దాన్ని ఆ వేషం వేయనీయదు, వచ్చిన రూపంలోనే మూటకట్టి ఒంట్లో పెట్టుకుంటుంది. 2006లో ఈ సంగతి అచ్చయింది. ఆ పురుగులో గుడ్లు పెట్టే ఒక చిన్న కందిరీగ కూడా ఆ విషానికి అలవాటు పడిందట.

మనకు మాత్రం అట్లాంటి ఏర్పాటు లేదు. అందుకే ఇదంతా రాయడం. మన బస్తీల్లో ఈ మధ్య జుట్టు ఊడకుండా అని సెలీనియం కలిసిన గోళీల సీసాలు ఇండ్లకు వచ్చి అమ్ముతున్నారు. బీడీల పైసలు కూడబెట్టి కొంటున్న అక్కలున్నారు. పెద్దమనిషికి రోజుకు కావలసింది 55 మైక్రోగ్రాములు. 400 దాటొద్దని లెక్క. చేప, గుడ్డు తినే ఇంట్లో తిండిలోనే వస్తది. మితి మీరితే ఏమైతదో వినండి: జుట్టు ఊడుతుంది, గోర్లు పెళుసై విరుగుతాయి, నోట్లోనుంచి వెల్లుల్లి వాసన వస్తుంది. జుట్టు కోసం కొన్న మందే జుట్టు ఊడగొడుతుంది! పంజాబ్‌లో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ వైపు కొన్ని ఊళ్ళ మట్టిలో సెలీనియం ఎక్కువ. అక్కడి గొడ్లకు వెంట్రుకలు రాలి, గిట్టలు పగులుతాయి. 2008లో అమెరికాలో ఒక ద్రవం మందులో సీసా మీద రాసినదానికి 200 రెట్లు పడింది, సుమారు 200 మంది మంచాన పడ్డారు.

ఇంట్లో అట్లాంటి సీసా ఉంటే దాని మీద ఇంగ్లీషులో ఎంసీజీ అని ఉందా, ఎంజీ అని ఉందా పిల్లలతో చదివించండి. ఎంజీ అంటే వెయ్యి రెట్లు. రెండు మూడు రకాల గోళీలు కలిపి వేసుకునేవాళ్ళు అన్ని సీసాల మీది అంకెలూ కూడాలి. జుట్టు నిజంగానే ఊడుతుంటే సీసాలన్నీ సంచీలో వేసుకుని సివిల్ ఆసుపత్రి డాక్టరుకు చూపించండి, ముందు రక్తం తక్కువుందేమో చూస్తారు.