పంటి మీద మచ్చ ఎవరిది?

ఫెయిర్‌నెస్ క్రీముల గురించి స్త్రీవాదులం చాలానే రాశాం. వాటిలో అన్నిటికంటే పేరుమోసిన క్రీము 2020లో తన పేరులోంచి 'ఫెయిర్' అన్న మాటను తీసేసుకుంది కూడా. పళ్ల తెలుపు గురించి మాత్రం మనం పెద్దగా మాట్లాడలేదు. ఒంటి తెలుపును అందం కింద లెక్కేసి నిలదీశాం, పంటి తెలుపును శుభ్రత కింద లెక్కేసి వదిలేశాం. శుభ్రతను ఎవరు నిలదీస్తారు? గారపళ్లు అంటే తోముకోని పళ్లు. ఆ తీర్పులో వర్గం ఉంది, కులం ఉంది, ఆడపిల్ల 'పెంపకం' ఉంది. ఇంట్లోనే పళ్లు తెల్లబరుచుకోమని వచ్చే జెల్లులూ, స్ట్రిప్పులూ, బొగ్గు పేస్టులూ ఈ తీర్పు మీదే అమ్ముడుపోతున్నాయి.

ఒంగోలులో ఉండి ఈ మాట అనడానికి కారణం ఉంది. కర్నూలు రోడ్డు మీదుగా ఊళ్లోకి వచ్చే బస్సుల్లో చాలా భాగం పొదిలి వైపు మెట్ట నుంచి వస్తాయి. ఆ బస్సుల్లో నవ్వొచ్చినప్పుడు పమిట చెంగో చున్నీ కొసో నోటికి అడ్డం పెట్టుకునే ఆడవాళ్లు కనిపిస్తారు. దాన్ని సిగ్గనుకుంటాం. అది ఫ్లోరైడు. 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో రాశారు. మన దేశంలో ఈ జబ్బుపై వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి. పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లావే. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు వైపు వచ్చాయి. అంటే తొంభై ఏళ్లుగా తెలిసిన సంగతి ఇది.

ఆ మచ్చ ఎలా పడుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే వ్యాపారమంతా ఆ వివరం తెలియకపోవడం మీదే నడుస్తోంది. శాశ్వత దంతాల ఎనామిల్ చిగురు కింద, పసితనంలో, సుమారు ఎనిమిదేళ్ల లోపు తయారవుతుంది. ఆ వయసులో తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ సరిగ్గా గట్టిపడదు. పైపొర కింద సన్నటి రంధ్రాలతో గుల్లగా ఉండిపోతుంది. ముందు సుద్దలాంటి తెల్ల మరకలు, ఆ రంధ్రాల్లోకి రంగు దిగాక గోధుమ చారలు, జబ్బు ముదిరిన చోట గుంటలు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. మన ప్రమాణం ప్రకారమైతే ఒక మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట మాత్రమే 1.5. గార డాక్టరు గీస్తే పోతుంది. ఈ మచ్చ పంటి లోపలే పుట్టింది, తోమితే పోయేది కాదు.

ఇలాంటి పంటి మీద తెలుపు మందు వేస్తే ఏమవుతుంది? జెల్లులో ఉండేది హైడ్రోజన్ పెరాక్సైడో, దాన్ని విడుదల చేసే కార్బమైడ్ పెరాక్సైడో. తక్కువ గాఢతలో, దంతవైద్యుల పర్యవేక్షణలో వాడితే ఆరోగ్యంగా ఉన్న ఎనామిల్‌కు పెద్ద నష్టం లేదన్నది నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. కానీ ఫ్లోరోసిస్ పంటికి గోధుమ రంగు కొంత తగ్గినా సుద్ద మరకలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడొచ్చు. వాటిని దాచాలని మళ్లీ వాడతారు. చల్లటి నీళ్లు తగిలితే పళ్లు జివ్వుమంటాయి. ఇక నిమ్మరసం, ఉప్పు చిట్కాలు సరేసరి. 5.5 కంటే తక్కువ పీహెచ్‌లో ఎనామిల్ కరగడం మొదలవుతుంది, నిమ్మరసానిది రెండు చిల్లర. కరిగిన ఎనామిల్‌ను ఒళ్లు మళ్లీ తయారుచేసుకోలేదు, దాన్ని కట్టిన కణాలు పన్ను బయటికొచ్చేసరికే పోతాయి. అది అరిగేకొద్దీ లోపలి డెంటిన్ పసుపు బయటపడుతుంది. తెలుపు కోసం మొదలెట్టి పసుపు దగ్గర తేలడమన్నమాట. (కచ్చికతో తోముకున్న మన అమ్మమ్మల్ని మొరటువాళ్లన్న మార్కెట్టే ఇప్పుడు నల్లటి ట్యూబులో బొగ్గు అమ్ముతోంది.)

ఐరోపా కూటమి 2012 నుంచి 0.1 శాతం దాటిన పెరాక్సైడ్ సరుకును దంతవైద్యులకే అమ్మాలని, పద్దెనిమిదేళ్లలోపు వారికి వాడకూడదని నియమం పెట్టింది. ఇక్కడ ఫోనులో ఆర్డరు పెట్టే పిల్ల వయసు అడిగే నాథుడు లేడు.

'నా దేహం నా ఇష్టం, మధ్యలో మీరెవరు?' అనే చెల్లెళ్లున్నారు. ఇష్టాన్ని నేను తక్కువ చేయను. పెళ్లిచూపుల్లో 'ఏదీ, ఒకసారి నవ్వమ్మా' అని అడిగేవాళ్లు అబ్బాయిని నవ్వమంటున్నారా, చెప్పండి. ఆ బోరు నీళ్లు ఇద్దరూ తాగారు, మచ్చలు ఇద్దరికీ ఉన్నాయి. జెల్ కొనాల్సింది మాత్రం ఆమె. కట్నం బేరంలో ఆ మచ్చకు రేటు కట్టే చోట ఇష్టం అనే మాటను అంత తేలిగ్గా వాడలేం.

సాహిత్యం చదువుకున్నవాళ్లం మనమూ తక్కువ తినలేదు. కుందరదన, మొల్లమొగ్గల పళ్లున్నది, అన్న మాటను ఆడదానికి పర్యాయపదంగా పాఠం చెబుతున్నాం. ముత్యాల పలువరుసను అలంకారంగా వివరించి పేజీ తిప్పేస్తున్నాం. తెలుపు ఎప్పుడూ ఉన్న కొలత కూడా కాదు. దక్కనులో మిస్సీతో పళ్లు నల్లబరుచుకోవడం ఒకప్పుడు స్త్రీల అలంకారం. తాంబూలంతో పండిన నోరు శుభానికి గుర్తు.

ఫ్లోరైడ్ మండలాలకు కృష్ణా నీళ్లిస్తామన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. 2024 మార్చిలో జాతికి అంకితం కూడా చేశారు, అప్పటికి నిర్వాసితుల పునరావాసమే పూర్తికాలేదు. 1996లో పుట్టిన ఆడపిల్లకు ఈ లోపు పాలపళ్లు ఊడాయి, మచ్చల పళ్లు వచ్చాయి, పెళ్లిచూపులూ అయిపోయాయి. ఆమె పంటి కథను సౌందర్య సమస్యల శీర్షికకు వదిలేయకుండా మన పత్రికల్లోకి తెచ్చుకోవాలి. ఉమ్మడి ప్రకాశం పడమటి పల్లెల్లో ప్రతి బోరు పక్కన, ప్రతి బడి గోడ మీద, ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంతో, ఏ తేదీన పరీక్ష చేశారో పెద్దక్షరాలతో రాసి పెట్టమని అడుగుదాం.