ఇక కెమిస్ట్రీతో పనిలేదా?

ఫస్టియర్ అయిపోగానే మన సీఎస్‌ఈ వాళ్లం అనే మాట ఒకటే: "హమ్మయ్య, ఇక కెమిస్ట్రీతో పనిలేదు." ఈ మాటతో నాకు పేచీ ఉంది.

ఏఐ మోడల్ నడవడమంటే ఎక్కువగా మ్యాట్రిక్స్ గుణకారాలే. మన కంప్యూటర్లలో డేటా ఒకచోట, లెక్క ఇంకోచోట. అటూ ఇటూ తిప్పడానికే బోలెడంత టైమూ కరెంటూ పోతాయి. దీనికి జవాబు మనం కోడ్‌లో వెతుకుతాం. బెంగళూరు ఐఐఎస్‌సీలో మాత్రం అణువులో వెతికారు. అణువంటే మాలిక్యూల్. ఆటమ్‌ని పరమాణువు అంటారు. అణుబాంబు అనే మాట వల్ల నాలాంటి ఇంగ్లిష్ మీడియం వాళ్లకి రెండూ కలిసిపోతుంటాయి.

శ్రీబ్రత గోస్వామి కెమిస్ట్రీ ప్రొఫెసర్. కోల్‌కతాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో పనిచేశారు. రుథేనియం చుట్టూ కర్బన లిగాండ్లు అమర్చి ఆయన డిజైన్ చేసిన అణువులని పల్చటి పొరగా వేసి, ఐఐఎస్‌సీలో శ్రీతోష్ గోస్వామి బృందం మెమరీగా మార్చింది. 2024లో ఆ పేపర్ 'నేచర్'లో వచ్చింది. మన బిట్‌కి రెండే స్థితులు. ఈ పొరకి 16,520! 2 పవర్ 14 అంటే 16,384 కదా, అందుకే దీన్ని 14 బిట్ అంటారు.

మరి గుణకారం ఎవరు చేస్తారు? ఇంటర్లో చదివిన ఓమ్ సూత్రమే. వోల్టేజీని కండక్టెన్స్‌తో గుణిస్తే కరెంటు. ఒకే తీగలోకి వచ్చిన కరెంట్లు వాటంతటవే కూడుకుంటాయి, అది కిర్కాఫ్ సూత్రం. ఫర్ లూప్ అక్కర్లేదు.

"ల్యాబ్‌లో బానే ఉంటుంది, బజార్లోకి రావాలిగా" అంటారు. న్యాయమైన మాటే. ఒక్క అణువు డయోడ్‌లా పనిచేయగలదని అవిరామ్, రాట్నర్ రాసింది 1974లో. ఇప్పటికీ మన ఫోన్లలో ఉన్నది సిలికానే. కానీ సిలికాన్‌ని తీసేయాలని ఈ బృందమూ అనట్లేదు, దానికి తోడుగా అణువుల్ని పెడదామంటోంది. అలాంటి చిప్ వస్తే దానికి కంపైలర్ రాయాల్సింది ఎవరు? మనమే. ఆ పదార్థం ఎలా ప్రవర్తిస్తుందో తెలియకుండా ఏం రాస్తాం?

అందుకే నా కోరిక చిన్నది. నీటి కాఠిన్యం టైట్రేషన్ ఉండనివ్వండి. దాని పక్కన ఇలాంటి పదార్థాల మీద ఒక్క యూనిట్ పెట్టండి, సీఎస్‌ఈ వాళ్లు తీసుకోగలిగే ఒక ఎలక్టివ్ ఇవ్వండి. సిలబస్ మారేదాకా మనం ఆగక్కర్లేదు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ మన బ్లాక్‌కి ఏమంత దూరం? వెళ్లి అడుగుదాం.