విజార్డ్‌కు రెండో విద్య అవసరమా?

డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో విజార్డ్‌ను ఆడేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వస్తుంది: ఒక లెవెల్ క్లెరిక్‌లోనో ఫైటర్‌లోనో తీసుకుంటే పోలా? 2014 నాటి అయిదో ఎడిషన్‌లో ఇలా క్లాసులు కలపడం, అంటే మల్టీక్లాసింగ్, ఐచ్ఛిక నియమం. డంజియన్ మాస్టర్ ఒప్పుకుంటేనే కుదురుతుంది. ఒప్పుకున్నా, క్లెరిక్ కావాలనుకునే విజార్డ్‌కు ఇంటెలిజెన్స్, విజ్‌డమ్ రెండూ కనీసం 13 ఉండాలి.

ఆశ పడటంలో తప్పేమీ లేదు. డెక్స్‌టెరిటీ 14 ఉన్న విజార్డ్ మేజ్ ఆర్మర్ మంత్రం వేసుకున్నా ఆర్మర్ క్లాస్ 15 దగ్గరే ఆగుతుంది. అదే పాత్ర ఒక్క లెవెల్ క్లెరిక్ తీసుకుని స్కేల్ మెయిల్ తొడిగి డాలు పడితే 18 అవుతుంది. పైగా హీలింగ్ వర్డ్, బ్లెస్ వంటి మంత్రాలు చేతికొస్తాయి. బృందంలో వైద్యం చేసేవారు వేరే లేకపోతే ఇది చిన్న లాభం కాదు.

అయితే వెల ఎక్కడుందో సరిగా చూడాలి. క్లెరిక్, విజార్డ్ ఇద్దరూ మంత్రగాళ్లే కనుక మంత్రాలు వేయడానికి వాడే స్లాట్లను కలిపి లెక్కిస్తారు. నేర్చుకోగల మంత్రాలను మాత్రం ఏ క్లాసుకు ఆ క్లాసుగానే చూస్తారు. క్లెరిక్ 1, విజార్డ్ 4 అయిన పాత్రకు మూడో స్థాయి స్లాట్లు రెండుంటాయి, కానీ వాటిలో వేయడానికి ఫైర్‌బాల్ ఉండదు. రెండో స్థాయి మంత్రాన్నే పెద్ద స్లాట్‌లో వేసుకోవాలి. అయిదో లెవెల్లో తోటి ఫైటర్ రెండేసి దెబ్బలు కొట్టడం మొదలుపెట్టే వేళ ఈ వెలితి బాగా తెలుస్తుంది.

ఈ నష్టాన్ని మరీ పెద్దది చేసి చెప్పడమూ న్యాయం కాదు. విజార్డ్‌కు కొత్త స్థాయి మంత్రాలు వచ్చేది బేసి లెవెళ్లలో. కాబట్టి ఒక్క లెవెల్ ఆలస్యం ఆ బేసి లెవెళ్లలోనే బాధిస్తుంది, సరి లెవెళ్లలో సమానమవుతుంది. ఇరవయ్యో లెవెల్ దాకా వెళితే పోయేది చివరి సిగ్నేచర్ స్పెల్స్ ఒక్కటే. కానీ అంతదూరం సాగే కాంపెయిన్లు ఎన్ని? ఏడో లెవెల్లో ముగిసే కథలో ఆ ఆలస్యం ఆటలో పెద్ద భాగాన్నే తినేస్తుంది.

మరి అయిదో లెవెల్ దాటాక తీసుకుంటే? క్లెరిక్ విషయంలో ఇది సబబే. ఫైటర్ విషయంలో చిక్కుంది: ఏకాగ్రత చెదరకుండా కాపాడే కాన్‌స్టిట్యూషన్ సేవింగ్ త్రో నైపుణ్యం, భారీ కవచం, రెండూ మొదటి క్లాసుగా ఫైటర్‌ను ఎంచుకుంటేనే వస్తాయి. తర్వాత చేరితే రావు. ఆ నైపుణ్యమే కావాలనుకుంటే, ఫీట్లకు అనుమతి ఉన్నచోట, నాలుగో లెవెల్లో రెజిలియంట్ ఫీట్ తీసుకోవచ్చు. మంత్రాలు ఆలస్యం కావు, అయితే ఇంటెలిజెన్స్ పూర్తిగా పెంచుకునే అవకాశం ఒకటి వదులుకోవాలి. ఏదీ ఉచితంగా రాదు.

పాత్ర కథ కోసమే గుడిలో చేరే విజార్డ్‌కు ఈ లెక్కలన్నీ వర్తించకపోవచ్చు, దాన్ని తప్పుపట్టలేం. తక్కినవారికి నా అభిప్రాయం ఇది: మామూలుగా ఒకే క్లాసులో ఉండటం మేలు. రెండోది తప్పదనుకుంటే ఒక్క లెవెల్‌తో ఆపండి, వీలైతే అయిదో లెవెల్ తర్వాతే తీసుకోండి. అంతకుముందు కాంపెయిన్ ఏ లెవెల్ దాకా సాగుతుందో మీ డంజియన్ మాస్టర్‌ను అడగండి.