ప్రాసెసర్ మీద పడ్డ నింద

మా తమ్ముడి లాప్‌టాప్ పోయిన నెల మొరాయించింది. బీటెక్ ప్రాజెక్టు ఇవ్వడానికి పది రోజులే టైముంది. బ్రౌజర్ తెరిస్తే చాలు, మౌస్ కూడా కదలదు. రిపేరు షాపతను మూత విప్పకుండానే ‘ప్రాసెసర్ పాతబడింది, కొత్త లాప్‌టాప్ కొనుక్కోండి’ అనేశాడు. నాన్న చీటీ పాడేద్దామని లెక్కలు మొదలెట్టారు. నేనేమో, ఆ ప్రాసెసర్‌నే ఓ మాట అడిగి చూద్దామనుకున్నా.

అందులో ఉన్నది ఉబుంటు. సిస్‌స్టాట్ అనే ఉచిత ప్యాకేజీ వేసుకుంటే ఎంపీస్టాట్ అనే కమాండ్ వస్తుంది. టెర్మినల్‌లో ఆ ఒక్క మాటే కొట్టా. ‘ఐడిల్’ కింద 90 దాటి చూపించింది. అంటే ప్రాసెసర్ నూటికి 90 పాళ్లు ఖాళీ! ‘ఇది కూడా అబద్ధాలు చెబుతోందేంటక్కా?’ అన్నాడు తమ్ముడు.

అబద్ధం కాదు, నేను అడగడంలోనే తప్పుంది. ఉత్త ఎంపీస్టాట్ అంటే, కంప్యూటర్ ఆన్ చేసినప్పటి నుంచి సగటు చెబుతుంది. మావాడు రాత్రంతా దాన్ని ఆన్‌లో పెట్టి పడుకున్నాడు మరి! ఈ క్షణం సంగతి కావాలంటే దాని పక్కన స్పేస్ ఇచ్చి హైఫన్, క్యాపిటల్ పీ, స్పేస్, క్యాపిటల్ అక్షరాల్లో ఆల్, స్పేస్, 1 కొట్టాలి. సెకనుకోసారి ఒక్కో కోర్ లెక్క విడిగా వస్తుంది. విడిగా ఎందుకంటారా? నాలుగు కోర్లలో ఒకటే గొడ్డు చాకిరీ చేస్తూ మిగతా మూడూ గోళ్లు గిల్లుకుంటున్నా, సగటు 25 అనే చూపిస్తుంది.

ఇప్పుడు బ్రౌజర్ తెరవమన్నా. మన ప్రోగ్రాముల పని చూపించే ‘యూఎస్ఆర్’ 10 దాటలేదు. ‘ఐఓవెయిట్’ మాత్రం రెండు కోర్లలో 70 దాటింది. అంటే ప్రాసెసర్ ఖాళీగానే ఉంది, డిస్కు పని ఎప్పుడు తెములుతుందా అని కూర్చుంది. వంటమనిషి రెడీ, కూరగాయలే రాలేదు.

మరి డిస్కుకి అంత పనేంటి? వీఎంస్టాట్ 1 కొట్టా. మొదటి వరుస వదిలేయండి, అదీ పాత సగటే. తర్వాతి వరుసల్లో ‘ఎస్ఐ’, ‘ఎస్ఓ’ కింద దాదాపు సున్నాలుండాలి. మాకు అంకెలు పరుగెడుతున్నాయి! 4 జీబీ ర్యామ్ నిండిపోయి, సరుకంతా హార్డ్‌డిస్కు మీదికి దించడం, మళ్లీ ఎక్కించడం... అదే పని. తమ్ముడి ట్యాబులు లెక్కపెట్టా. 43!

సగం మూయించేసరికి మౌస్ కదిలింది. మర్నాడు ఖాళీ స్లాటులో ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించాం. ప్రాజెక్టు టైముకే ఇచ్చాడు. నాన్న చీటీ జోలికి వెళ్లలేదు.

అన్నట్టు, ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని ఎంపీస్టాట్ చూద్దామనుకుంటున్నారా? రూట్ చేయని ఫోన్లో కుదరదు. ఈ లెక్కలుండే ఫైలుని మామూలు యాప్‌లు చదవకుండా ఆండ్రాయిడ్ 8 నుంచే తాళం వేశారు. లాప్‌టాప్ దగ్గర కూర్చున్నప్పుడే కొట్టి చూడండి.